వేరు చేసిన చెత్త చేనికి ఎరువు – కలిపిన చెత్త చేనికి చేటు



పంటల పత్రికలో చెత్తబండి మాట ఏల వచ్చినదని మీలో కొందరికి తోచవచ్చును. విత్తనము, ఎరువు, నీరు, పురుగు, తెగులు – ఇవి మా శాఖవారు చెప్పదగిన సంగతులు. వీధులు ఊడ్చుట పంచాయతీవారి పని కదా అని మీరు అనవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందటి వరకు నేనును అట్లే తలచితిని. ఆ తలంపు తప్పని నాకు నేర్పినది ఒక ఎకరము మాగాణి. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత విషయములోనికి వచ్చెదను.

ఒక ఎకరము నేర్పిన పాఠము

నేను ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో డెల్టాలోని ఒక మండలములో పనిచేసితిని. ఒకనాడు ఒక పెద్ద రైతు భూసార పరీక్ష కాగితము చేతబట్టుకొని నా వద్దకు వచ్చినాడు. ఆయన ఎకరము చెక్కలో సేంద్రియ కర్బనము అర శాతమునకు తక్కువగా ఉన్నది. ఇంట పశువులు లేవు, దిబ్బ లేదు. ఏమి వేయవలెనని అడిగినాడు. దగ్గరి పట్టణమునకు చెందిన పాత చెత్త గుట్ట ఒకటి కలదు, అందులో అడుగున మాగిన ఎరువు ఉండును, ట్రాక్టరు కిరాయి తప్ప ఖర్చు లేదు, పది తొట్టెలు తోలించుకొనుమని చెప్పితిని.

ఆయన తోలించినాడు. చేను నల్లబడినది. దమ్ము చేసి నాట్లకు కూలీలను పిలిచినాడు. ఆ ఉదయమే నలుగురు ఆడకూలీల కాళ్ళు గాజు పెంకులకు తెగినవి. అందులో ఒకామె పాదము వాచి, చీము పట్టి, పదునైదు దినములు కూలికి పోలేకపోయినది. ముఠా అంతయు గట్టెక్కి, ఆ చేలో దిగమని చెప్పి వెళ్ళిపోయినది. కబురు తెలిసి నేను వెళ్ళితిని. రైతు కోపపడలేదు. ఒక్క మాట మాత్రము అడిగినాడు:

"మీరు చెప్పారనే తోలించాను బాబూ. ఆ గుట్ట మీరు చూసి చెప్పారా, చూడకుండా చెప్పారా?"

నేను చూడలేదు. ఆ మాట ఆయన ముందు ఒప్పుకొంటిని.

ఆ సార్వాకు ఆ ఎకరము నాటు పడలేదు. వేసవిలో మనుషులను పెట్టి చేను ఏరించినాడు. సీసా పెంకులు, నూనె పొట్లాలు, సూదులు, చచ్చిన బ్యాటరీ సెల్లులు, కారీబ్యాగుల పీలికలు – మొత్తము ఏడు గోనెసంచులు నిండినవి. ఆ సంచులు తెచ్చి మా కార్యాలయము ముందు దింపలేదు. అది ఆయన మంచితనము.

తప్పు నాది. కాని ఆ గుట్ట అట్లగుటకు కారణము గుట్టలో లేదు. పట్టణములోని వేల వంటిండ్లలో, అంగళ్ళలో, ఆసుపత్రులలో ఉన్నది. కూరతొక్కును, పగిలిన సీసాను ఒకే సంచిలో వేసిననాడే ఆ ఎకరము పాడయినది. అవే రెండు సంచులలో వేసియుండినచో ఒకటి ఎరువగును, రెండవది పాత సామానులవాని బండికి పోవును. కావున చెత్త వేరు చేయుట, నియమము ప్రకారము బండికి అందించుట రైతు సంగతి కాదని ఇక నేను అనజాలను.

పాటిమన్ను తోలిన కాలము

మన తాతల కాలమున ఈ నియమములు లేవు, అవసరమును లేదు. ఇల్లు ఊడ్చిన దుమ్ము, పొయ్యిలో బూడిద, పశువుల పేడ, తిన్న విస్తరాకు అన్నియు దొడ్డిలోని దిబ్బకే పోయెడివి. వేసవిలో దిబ్బ తవ్వి బండ్లతో చేలకు తోలెడివారు. ఊరు పాడుపడిన చోటి పాటిమన్నును సైతము తవ్వి పొలములకు తోలెడివారు. ఏలయన, మనుషులు, పశువులు తరతరములుగా నివసించినచోటి మట్టి బలమైనదని వారికి తెలియును. నేడు ఊరి చివరనున్న చెత్త గుట్టను తవ్వి చేనికి తోలుటకు ఏ రైతు సాహసించును? ఒక తరములో వచ్చిన మార్పు ఇది.

శాస్త్రజ్ఞులు కూడ ఈ దిబ్బనే చక్కదిద్దినారు. 1924 నుండి 1931 వరకు ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ గారు చెత్తను, పేడను పొరలుగా పేర్చి తిరగవేయు పద్ధతిని స్థిరపరచినారు. దానినే ఇండోరు పద్ధతి అందురు. తరువాత 1939లో డాక్టరు సి. ఎన్. ఆచార్య గారు తిరగవేయు శ్రమ లేకుండ గుంతలో పూడ్చి మాగబెట్టు బెంగుళూరు పద్ధతిని రూపొందించినారు. పట్టణపు చెత్తను ఎరువు చేయుటకు ఆ పద్ధతి ఎంతయో ఉపకరించినది. ఆనాటి ఇంటి చెత్తలో ప్లాస్టిక్ లేదని మరువరాదు. పద్ధతి మారలేదు, చెత్త మారినది.

రెండవ మార్పు ఇండ్ల దట్టము. దొడ్డి ఉన్న ఇంటికి దిబ్బ ఉండును. దొడ్డి లేక గోడకు గోడ ఆనియున్న వీధులలో ఎవరి చెత్త వారి వద్ద ఉంచుకొనుటకు తావు లేదు. ఒకరు విసిరినది పది మంది గుమ్మములలోనికి వచ్చును. అందుచేత జనము దట్టమైన కొలది చెత్త ఇంటి పనిగా గాక, ఊరి నియమముగా మారక తప్పదు.

జనసమ్మర్దము ఉన్నచోట నియమము

ఇందుకు గొప్ప గుణపాఠము సూరతు నగరము. 1994లో వరదలు తీసిన తరువాత, సెప్టెంబరు నెలలో, అచ్చట ప్లేగు ప్రబలినది. లక్షల జనము నగరము విడిచి పోయినారు. మరుసటి సంవత్సరము నగర కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు గారు అధికారులను ప్రతి దినము వీధులలోనికి పంపి, చెత్త తీయు పనిని కంటితో చూచునట్లు చేసినారు. రాత్రివేళ వీధులు ఊడ్పించినారు. చెత్త విసిరినవారిపై పెద్ద చిన్న తేడా లేక రుసుము వేసినారు. రెండేండ్లు తిరుగకముందే సూరతు దేశములోని పరిశుభ్ర నగరములలో ఒకటిగా పేరు పొందినది. ప్రజలు మారలేదు, వారి ఇంటి ముందుకు బండి క్రమముగా వచ్చుట, తప్పు చేసినచో తప్పక అడుగుట – ఈ రెండే మారినవి.

పట్టణపు చెత్తపై 1996లో సుప్రీముకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము దాఖలైనది. ఆ తరువాత 2000 సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము మునిసిపల్ చెత్త నిర్వహణకు నిబంధనలు చేసినది. వాటికి బదులు 2016లో మరింత కట్టుదిట్టమైన నిబంధనలు వచ్చినవి. ప్రతి ఇంటివారు తడి చెత్త, పొడి చెత్త, ఇంటిలోని అపాయకరమైన చెత్త అని మూడు విధములుగ వేరు చేసి ఇవ్వవలెననియు, వీధిలోను, మురుగు కాలువలోను, చెరువులోను వేయరాదనియు, కాల్చరాదనియు, నూరుగురు మించి కూడు విందు జరుపువారు మూడు పనిదినములు ముందుగ స్థానిక సంస్థకు తెలుపవలెననియు వాటిలో ఉన్నది. 2026 జనవరిలో వీటి స్థానమున కొత్త నిబంధనలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయించినారు. వీటి ప్రకారము చెత్త నాలుగు విధములు: తడి, పొడి, పారిశుద్ధ్య సంబంధమైనది, ప్రత్యేక జాగ్రత్త వలసినది. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు మూడవ విధము. మందులు, బల్బులు, రంగు డబ్బాలు మొదలగునవి నాలుగవ విధము.

మన తెలుగునాట కూడ ఈ పని క్రొత్తది కాదు. సూర్యాపేట పురపాలకులు రెండు దశాబ్దముల క్రిందటనే ఇంటికి రెండు బుట్టలు ఏర్పరచి, వీధి తొట్టెలను తొలగించి, తడి చెత్తను ఎరువు చేసి అమ్మినారు. వీధి తొట్టె తీసివేసినచో చెత్త పెరుగునని ఎవరైనను అనుకొందురు. తొట్టె ఉన్నచోటనే దాని చుట్టు చెత్త పడుట మనము చూచుచున్నదే. 2012 అక్టోబరులో వరంగల్లులో అనేక పురపాలక సంఘముల సిబ్బంది కూడి, వారము దినములు పోటీపడి ఇంటింట వేరు చేసిన చెత్తను సేకరించి చూపినారు. తెలంగాణములో 2018 పంచాయతీరాజ్ చట్టము తరువాత, 2019లో ఆరంభించిన పల్లె ప్రగతి క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేయు స్థలములు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశ్ పల్లెలలో చెత్త నుండి సంపద తయారుచేయు కేంద్రములు నిర్మించినారు. 2021 అక్టోబరులో ఆ రాష్ట్ర పట్టణములలో ఇంటింటికి మూడు రంగుల బుట్టలు ఇచ్చి, నెలవారీ రుసుము విధించినారు. రుసుముపై ప్రజలలో విముఖత కలిగి, 2024లో అది రద్దయినది. దీనినుండి గ్రామాధికారులు గ్రహింపవలసినది ఒకటున్నది. రుసుము వేరు, నియమము వేరు. రుసుము లేకున్నను బండి నడువవలెను. బండి నడచినంత కాలము చెత్త వేరు చేయు బాధ్యత ఇంటివారిదే.

చెత్త ఊరు దాటి చేనికి వచ్చు తీరు

ఊరిలో పారవేసిన చెత్త ఊరిలోనే ఉండదు. అది నాలుగు దారులలో రైతు వద్దకు వచ్చును.

మొదటిది కాలువ. గట్టున పోసిన చెత్త తొలివానకే నీటిలో దిగును. సంచులు, థర్మాకోలు ముక్కలు తూము నోట అడ్డుపడును. పై రైతు చేను మునుగును. చివరి రైతు చేను ఎండును. నీటి తగవులలో సగము వరుస తప్పినందున వచ్చును. కొన్ని సంచులు అడ్డుపడినందున కూడ వచ్చునని లష్కర్లను అడిగినచో చెప్పుదురు.

రెండవది పశువు. అన్నము మెతుకులు, కూరతొక్కులు సంచిలో ముడివేసి విసిరినచో ఆవు సంచిని విప్పి తినజాలదు, సంచితోనే తినును. ప్లాస్టిక్ జీర్ణము కాక మొదటి పొట్టలో ఉండచుట్టుకొని పేరుకొనును. పశువు మేత మానును, నెమరు తగ్గును, కడుపు ఉబ్బును, పాలు తగ్గును. శస్త్రచికిత్స చేసి తీయుట తప్ప దానికి మందు లేదు.

మూడవది వ్యాధి. మురుగు కాలువ పూడి నీరు నిలిచినచో బోదకాలు దోమ పెరుగును. కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, డబ్బాలలో నిలిచిన వాననీటిలో డెంగీ దోమ పెరుగును. నాట్ల అదనులో ఇంటికి ఇద్దరు మంచము పట్టినచో ఏ సాగు సాగును?

నాలుగవది ఎరువు. దీనిని మాత్రము కొంచెము వివరించవలెను. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారము పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టులో సేంద్రియ కర్బనము 12 శాతమునకు, నత్రజని 0.8 శాతమునకు, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి 0.4 శాతమునకు తగ్గరాదు. విషలోహములకు కూడ హద్దులు కలవు. కిలో ఎరువులో సీసము 100 మిల్లీగ్రాములు, కాడ్మియము 5 మిల్లీగ్రాములు, పాదరసము 0.15 మిల్లీగ్రాములు మించరాదు. ఇప్పుడు ఒక పాత ట్యూబులైటు సంగతి చూడుడు. అందులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసము ఉండును. మూడే అనుకొన్నను, 20 కిలోల ఎరువును హద్దుకు చేర్చుటకు ఆ ఒక్కటి చాలును. ప్లాస్టిక్ సంచిని ఏరవచ్చును. పాదరసమును ఏరుట ఎవరి తరము? కావున వేరు చేయుట గుట్ట వద్ద కాదు, ఇంటి వద్దనే జరుగవలెను.

ఒక గ్రామములో నియమము నిలిచిన విధము

పిమ్మట నేను బదిలీపై వెళ్ళిన మండలములో పెద్దబాట ప్రక్కన ఒక పెద్ద గ్రామము కలదు. సుమారు తొమ్మిది వందల ఇండ్లు, ఇరుకు సందులు. పంచాయతీకి ట్రాక్టరు ఉన్నది, కూలీలు ఉన్నారు. అయినను కాలువ గట్టు నిండ చెత్తయే. ప్రజలకు క్రమశిక్షణ లేదని పెద్దలందరు అనుచుండిరి. ఆ సంగతి గ్రామసభకు వచ్చినప్పుడు నేనును ఉంటిని. జరిమానా వేయవలసినదేనని పలువురు మాటలాడిన తరువాత వెనుక వరుసనుండి ఒక కూలి తల్లి లేచినది.

"బండి తొమ్మిదింటికి వస్తది. మేము ఆరింటికే చేలో ఉంటాము. చెత్త నెత్తిన బెట్టుకొని నాట్లకి పోవాలా?"

సభ నవ్వినది. పంచాయతీ కార్యదర్శి మాత్రము నవ్వక ఆ మాట వ్రాసుకొన్నాడు. మరుసటి వారము బండి వేళ ఉదయము అయిదున్నరకు మారినది. ఒక్క జరిమానా వేయకముందే గట్టుమీది చెత్త చాలవరకు తగ్గినది. నియమము వ్రాయుటకు ముందు, పాటించుటకు వీలున్నదో లేదో చూడవలెనని నేను ఆనాడు నేర్చుకొంటిని.

తరువాత సభ చేసిన తీర్మానము ఇది. ప్రతి ఇంటను తడి చెత్తకు ఒక బుట్ట, పొడి చెత్తకు ఒక సంచి ఉంచవలెను. గాజు, సూది, సెల్లు, బల్బు కాగితములో చుట్టి విడిగా ఇవ్వవలెను. కలిపిన చెత్తను బండివారు తీసుకొనరాదు. మొదటి నెల జరిమానా లేదు, చెప్పుటయే. రెండవ నెల నుండి కాలువ గట్టున గాని, వీధిలో గాని వేసినవారికి 100 రూపాయలు, మరల వేసినచో 200 రూపాయలు. రసీదు ఇవ్వనిదే జరిమానా పుచ్చుకొనరాదు. పెండ్లి, సంతర్పణ జరుపువారు మూడు దినములు ముందు పంచాయతీకి చెప్పి, విస్తళ్ళు వేరుగా, గ్లాసులు వేరుగా అప్పగింపవలెను. కోళ్ళ అంగళ్ళ వ్యర్థములకు వేరు డ్రమ్ము ఉండవలెను.

మొదటి జరిమానా ఎవరికి పడినదో చెప్పుటకు నాకు సిగ్గుగానే ఉన్నది. రచ్చబండ వద్ద మా శాఖ తరపున రైతు శిక్షణ సభ జరిపితిమి. అరువది మందికి టీ ఇచ్చితిమి. సభ ముగిసి వెళ్ళిపోతిమి. కాగితపు గ్లాసులు అచ్చటనే ఉన్నవి. మరునాడు కార్యదర్శి రసీదు పుస్తకముతో మా కార్యాలయమునకు వచ్చి, "ఏమీ అనుకోకండి సార్. మిమ్మల్ని వదిలితే రేపు ఇంకెవరినీ అడగలేను" అన్నాడు. 100 రూపాయలు చెల్లించి రసీదు పుచ్చుకొంటిని. వ్యవసాయాధికారికే జరిమానా పడినదను వార్త దండోరా కంటె వేగముగ ఊరంత తిరిగినది. ఆ నెలలో మరి ఇద్దరికి మాత్రమే జరిమానా వేయవలసి వచ్చినది. అందులో ఒకరు పంచాయతీ సభ్యుని బంధువు.

చిక్కులు రాకపోలేదు. రెండు సందులలోనికి ట్రాక్టరు దూరదు. అచ్చటికి తోపుడుబండి పెట్టినారు. మూడవ నెలలో మరొక చిక్కు వచ్చినది. ఇండ్లలో వేరుచేసి ఇచ్చిన చెత్తను పనివారు తొందరలో ఒకే తొట్టెలో కుమ్మరించుట ఆడవారు చూచినారు. "మేము వేరు చేసేది వాళ్ళు కలపడానికా?" అని మరునాటి నుండి సగము ఇండ్లవారు వేరు చేయుట మానినారు. సర్పంచ్ గారు తొట్టె మధ్య పలక కొట్టించి రెండు అరలు చేయించిన తరువాత గాని పని మరల దారికి రాలేదు. ఇండ్లవారు నియమము తప్పినచో జరిమానా కలదు; పంచాయతీ తప్పినచో నమ్మకము పోవును. ఇందులో రెండవదే పెద్ద శిక్ష.

తడి చెత్తను ఎరువుగా మార్చుట

వేరు చేసిన తడి చెత్తను మాగబెట్టుటకు గ్రామములకు అనువైనది నాడెప్ పద్ధతి. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే గారు దీనిని రూపొందించినారు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గల ఇటుక తొట్టి కట్టవలెను. గాలి ఆడుటకు గోడలలో కన్నములు విడువవలెను. తొట్టి నింపుటకు 1,400 నుండి 1,500 కిలోల చెత్త, 90 నుండి 100 కిలోల పేడ, 1,750 కిలోల పొడిమట్టి, వాతావరణమును బట్టి 1,500 నుండి 2,000 లీటర్ల నీరు కావలెను. ఆరు అంగుళముల చెత్త, దానిపై పేడనీళ్ళు, దానిపై పలుచగా మట్టి – ఇట్లు పొరలుగా నింపి, పైన మట్టి, పేడ కలిపి మెత్తవలెను. మూడు నాలుగు నెలలలో ఎరువు సిద్ధమగును.

కూరతొక్కులు, అన్నము మాత్రమే వేసినచో కుళ్ళి దుర్వాసన వచ్చును. ఎండుటాకులు, వరిగడ్డి ముక్కలు, ఊక వంటి ఎండు చెత్త కలుపవలెను. కర్బనము, నత్రజని నిష్పత్తి 25 నుండి 30 వరకు, తేమ 50 నుండి 60 శాతము ఉన్నచో చక్కగ మాగును. తేమ సరిపోయినదో లేదో చేతితో తెలిసికొనవచ్చును. పిడికిట పట్టి పిండినచో చేయి తడియవలెను, నీరు కారరాదు. కుప్ప లోపల వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని దినములు నిలిచినచో కలుపు విత్తనములు, రోగక్రిములు చాలవరకు నశించును.

వానపాముల ఎరువు చేయువారు చెత్తను ముందుగ రెండు మూడు వారములు మురుగబెట్టి, వేడి తగ్గిన పిదపనే, నీడలో వానపాములను విడువవలెను. పచ్చి చెత్త వేడికి అవి చచ్చును. ఉప్పు, నూనె, మాంసపు తునకలు ఎక్కువగ వేయరాదు.

లాభమెంత?

గొప్పలు చెప్పక లెక్క వేసి చూతము. 500 ఇండ్ల గ్రామము, ఇంటికి దినమునకు అర కిలో తడి చెత్త అనుకొందము. దినమునకు 250 కిలోలు, నెలకు 7,500 కిలోలు. మాగిన తరువాత మూడవ వంతు మిగిలినదనుకొన్నచో నెలకు 2,500 కిలోలు, సంవత్సరమునకు 30 టన్నుల ఎరువు. నత్రజని 0.8 శాతము చొప్పున 240 కిలోలు. ఇది సుమారు 520 కిలోల యూరియాలో, అనగా 45 కిలోల బస్తాలు పదకొండు పన్నెండింటిలో ఉన్న నత్రజని. ఎకరమునకు 5 టన్నులు వేసినచో ఆరు ఎకరములకు మాత్రమే చాలును.

ఇంతేనా అని నిరుత్సాహపడవలదు. యూరియాలో లేని సేంద్రియ కర్బనము ఈ ఎరువులో 3,600 కిలోల వరకు ఉండును. నేల గుల్లబారుట, తేమ పట్టుట, వేసిన ఎరువు వృథా కాకుండుట దాని వలననే. అయినను ఈ నియమము వలన కలుగు పెద్ద లాభము ఆరు ఎకరములకు వచ్చు ఎరువు కాదు. ఊరి చుట్టునున్న వందల ఎకరములకు గాజు, ప్లాస్టిక్, మురుగు రాకుండుటయే పెద్ద లాభము. వచ్చిన లాభము కంటికి కనబడును. తప్పిన నష్టము లెక్కకు రాదు. రైతు రెంటిని లెక్కింపవలెను.

రైతు తన వంతు

ఇంటి చెత్త గురించి చెప్పుచు చేని చెత్తను మరువరాదు. పురుగుమందు సీసాలు గట్టున, బోదెలో విసరుట మన వాడుక. మందు అయిపోయిన సీసాను మూడుసార్లు కడిగి, ఆ నీరు పిచికారీ పంపులోనే పోయవలెను. పిమ్మట మరల వాడకుండునట్లు సీసాకు కన్నములు పొడవవలెను. దానిని తడి చెత్తలోనే కాదు, పొడి చెత్తలో కూడ కలుపరాదు. నివాసములకు, నీటికి దూరముగ, నియమము ప్రకారము తొలగింపవలెను. నూనె, కిరోసిను నింపుటకు ఎన్నడును వాడరాదు.

మల్చింగు షీటును పంట అయిన వెంటనే చుట్టి తీయవలెను. దున్నినచో ముక్కలై నేలలో కలిసిపోవును. పాత బిందుసేద్యపు గొట్టములను గట్టున కాల్చరాదు. ప్లాస్టిక్ పొగ విషము. చెత్తను కాల్చుట చెత్తను తొలగించుట కాదు, గాలిలో చల్లుట. 120 మైక్రానుల కంటె పలుచని కారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. సంతకు పోవునప్పుడు గోనెసంచి గాని, గుడ్డసంచి గాని తీసికొనిపోవుట మన పాత అలవాటే కదా!

ఎరువు కొనువారు ముందుగ ఒక దోసెడు చేతిలోకి తీసికొని చూడవలెను. నల్లగ, పొడిపొడిగ, వాన పడిన మట్టి వాసన రావలెను. కుళ్ళు వాసన వచ్చినచో మాగలేదని తెలిసికొనవలెను. గాజు, ప్లాస్టిక్ కనబడినచో ఎంత చౌక అయినను తోలించరాదు. జల్లించి, పరీక్ష చేయించిన ఎరువునే పుచ్చుకొనవలెను.

గ్రామాధికారులకు మనవి

నియమము నిలుచుటకు ఈ సంగతులు గమనింపుడు. బండి వేళ కూలి జనమును అడిగి నిర్ణయింపుడు. ఒక్క దినము కూడ బండి తప్పకుండ చూడుడు. రెండు దినములు తప్పినచో మూడవనాడు చెత్త కాలువకు పోవును. మొదట చెప్పుడు, తరువాత జరిమానా వేయుడు. వేసినచో ముఖము చూడక వేయుడు. వేరు చేసినదానిని వేరుగానే తీసికొని పొండు. ఎరువు అమ్మిన సొమ్ము, జరిమానా సొమ్ము ఎంత వచ్చినది, దేనికి ఖర్చయినది పంచాయతీ బోర్డుపై వ్రాయింపుడు.

అన్నిటికంటె ముఖ్యముగ, చెత్త తీయువారిని గుర్తుంచుకొనుడు. నా మాట విని పాడయిన ఎకరములో నలుగురి కాళ్ళు ఒకనాడు తెగినవి. మనము కలిపి ఇచ్చు చెత్తలో పారిశుద్ధ్య కార్మికుల చేతులు ప్రతి దినము తెగుచున్నవి. వారికి చేతితొడుగులు, బూట్లు, వేళకు జీతము ఇచ్చుట దయ కాదు, నియమములో భాగము.

ఆ డెల్టా రైతును క్రిందటి సంవత్సరము మరల కలిసితిని. ఆయన ఎకరము ఇప్పుడు చక్కగ పండుచున్నది. తమ ఊరి కేంద్రములో చేసిన ఎరువునే తోలించుచున్నాడు. నన్ను కేంద్రము వద్దకు తీసికొనిపోయి, కుప్పలోనుండి దోసెడు తీసి నా చేతిలో పోసినాడు. "ఈసారి చూసి చెప్పండి బాబూ" అన్నాడు.

వ్రేళ్ళతో నలిపి, జల్లించి చూచితిని. గాజు లేదు. తోలించుకొనుమని చెప్పితిని.